దంత కిరీటధారణ

నరహరి మాస్టారి పన్ను విరిగింది గురువారం నాడు, భార్య వకుళమ్మ గారి మొదటి మాసికం అయిన మర్నాడు. సాయంత్రం అయిదున్నరకి ఆయన వంటింటి అలమారలోంచి రేకు డబ్బా దించి, ఒక చెగోడీ తీసి కుడివైపు పెట్టుకుని కొరికారు. టక్కుమంది. చెగోడీ అన్నాక టక్కుమనాలి కాబట్టి ఆయన అనుమానపడలేదు. నాలుక్కి ఏదో పదునుగా తగిలాక తెలిసింది, విరిగింది చెగోడీ ఒక్కటే కాదని.

ఆ చెగోడీలు వకుళమ్మ గారు పోవడానికి నాలుగు రోజుల ముందు చేసినవి. "ఈ వాయిలో ఉప్పు ఓ పిసరు ఎక్కువైంది, సర్దుకోండి" అని డబ్బా నింపి మూత బిగించారు. ఆవకాయ జాడీ పదకొండో రోజుకి వచ్చిన చుట్టాలతో ఖాళీ అయిపోయింది. ఇంక ఆవిడ చేతి వంట అంటూ ఆ ఇంట్లో మిగిలింది ఆ డబ్బా ఒక్కటే. మాస్టారు రోజుకి ఒకటి చొప్పున తింటూ వచ్చారు. రెండో దానికి చెయ్యి వెళ్లినా వెనక్కి తీసుకునేవారు.

కొరకగా మిగిలిన సగం ముక్కని మళ్లీ డబ్బాలో వేశారు. పందొమ్మిదిన్నర.

ఎడమవైపు నమిలే వీల్లేదు. అటు రెండు దవడపళ్లు ఏనాడో పీకించేశారు. గట్టిది ఏం నమలాలన్నా కుడివైపున్న ఆ దవడపన్నే దిక్కు. నానబెట్టుకుని తినమని స్టాఫ్ రూములో ఎవరో సలహా ఇచ్చారు. చెగోడీ నానబెట్టుకునే మనిషి తన గుమ్మం తొక్కనక్కర్లేదని వకుళమ్మ గారు సొంత తమ్ముడితోనే అన్నారొకసారి.

నిజానికి ఆ పన్ను రెండేళ్లుగా బీటలు వారే ఉంది. "పంటికి తొడుగు వేయించుకోండీ" అని ఆవిడ రెండేళ్లూ చెబుతూనే వచ్చారు. "దంతం దృఢంగానే ఉంది" అనేవారు మాస్టారు. ఆవిడ పక్కింటావిడతో, "మా ఆయనకి పన్ను నొప్పి రాదమ్మా, దంతశూల వస్తుంది. అందుకే డాక్టర్లకి అంతుపట్టదు" అని చెప్పి నవ్వేవారు. ముప్పై ఒక్క ఏళ్లుగా తెలుగు చెబుతున్న మనిషిని అంత తేలిగ్గా ఆటపట్టించే వీలు ప్రపంచంలో ఆవిడ ఒక్కరికే ఉండేది.

శనివారం మాస్టారు కోటిపాలెం ప్రభుత్వాసుపత్రి దంత విభాగానికి వెళ్లారు. అక్కడి డాక్టరు నస్రీన్ ఆయన దగ్గర ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా చదువుకున్న పిల్ల.

"క్లాసులో మీరు మా నోళ్లు మూయించేవారు మాస్టారూ. ఇప్పుడు మీరు తెరవండి" అంది.

ఆయన తెరిచారు. ఆమె దీపం వేసి చూసి, చిన్న పుల్లతో తట్టి చూసి, నిట్టూర్చింది.

"వేరు దాకా పోలేదు, అదృష్టం. లోపలి నరం తీసేసి శుభ్రం చేస్తాను. కానీ నరం తీసిన పన్ను ఎండు పుల్లలాంటిది. గట్టిగా కొరికితే నిలువునా చీలుతుంది. అందుకని చుట్టూ కొంచెం అరగదీసి, అచ్చు తీసి, సరిగ్గా దాని కొలతకి పింగాణీ క్యాప్ చేయించి పైన తొడుగుతాం. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, రోకలి చివర పొన్ను వేస్తారు చూడండి, దంచేటప్పుడు చెక్క చీలకుండా? ఇదీ అంతే. దెబ్బ పన్ను మీద పడదు, పొన్ను మీద పడుతుంది."

"చెగోడీ కొరకొచ్చా?"

"రోకలితో దంచినట్టు దంచుకోండి. పదేళ్లు చూసుకోనక్కర్లేదు."

మాస్టారికి చాలా రోజుల తర్వాత ప్రాణం కుదుటపడింది. నస్రీన్ ఆ రోజే నరం తీసేసి, తర్వాతి వారం పన్ను అరగదీసి, పిండి లాంటి ముద్ద కొరికించి అచ్చు తీసి, పైన తాత్కాలికంగా ఒక పల్చటి తొడుగు అంటించింది. "దీంతో గట్టివి కొరక్కండి. అసలుది రాగానే పది నిమిషాల పని" అని, కొంచెం ఆగి, "ఒక్కటే ఉంది మాస్టారూ. శరీరంలో శాశ్వతంగా అమర్చే ఏ వస్తువుకైనా ఉద్యోగి తన శాఖ నుంచి అనుమతి కాగితం తేవాలట. మోకాలి చిప్పల కోసం పెట్టిన రూలు. పంటికీ వర్తిస్తుందంటున్నారు" అంది.

ఒక కాగితమే కదా అనుకున్నారు మాస్టారు.

*

ఆ ఏడాదిని సంపూర్ణ తెలుగు సంవత్సరంగా ప్రకటించారు. కార్యాలయాలకి వచ్చే దరఖాస్తుల్లో ఒక్క ఇంగ్లీషు మాట ఉన్నా తిప్పి పంపాలని ఉత్తర్వు వచ్చింది. దానితోపాటు పరిభాషా పరిరక్షణ సంస్థ వారి ఆమోదిత పదకోశం కూడా వచ్చింది. అందులో లేని మాట తెలుగైనా సరే చెల్లదు. విద్యాశాఖ కార్యాలయంలో ఫైళ్లన్నీ ఒక్క రాత్రిలో దస్త్రాలైపోయాయి. ఆ మాట పారశీకం నుంచి వచ్చిందని మాస్టారికి తెలుసు. కానీ ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మాస్టారు అవసరానికి మించి ఒక్క మాట రాయరు. పిల్లల వ్యాసాల్లో అదనపు మాటల్ని ఎర్రసిరాతో కొట్టేయడంలో ఆయన పేరు మోసిన మనిషి. దరఖాస్తు కూడా అలాగే రాశారు: "నా పన్ను విరిగినందున పంటికి తొడుగు వేయించుకొనుటకు అనుమతి ఇప్పించ ప్రార్థన."

విద్యాశాఖ సూపరింటెండెంటు పెద్దింట్లు గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టారు.

"పన్ను అన్నారు. ఏ పన్నండీ? ఇంటి పన్నా, నీటి పన్నా?"

"నోట్లో పన్ను."

"అది మీకూ నాకూ తెలుసండి. పైవాళ్లకి తెలవదు కదా. పన్ను అని కనపడితే చాలు, మున్సిపాలిటీకి తోలేస్తారు."

"కింద 'పంటికి' అని ఉంది. ఇంటి పన్నయితే 'పన్నుకి' అవుతుంది. 'పంటికి' కాదు."

"పంటికి అంటే పంటకి అనుకుంటారండి. అప్పుడు వ్యవసాయ శాఖకి పోద్ది. దంతం అని రాయండి. గౌరవంగా కూడా ఉంటది."

మాస్టారు 'దంతం' అని దిద్దారు.

"ఇహ తొడుగు. ఇదుగో చూడండి, పదకోశంలో తొడుగు లేదు."

"తెలుగు మాటే."

"మరేనండి. తెలుగు మాటే, కానీ ఆమోదం లేని తెలుగు మాట. డాక్టరుగారు ఏమన్నారు?"

"క్యాప్ అంది."

పెద్దింట్లు గారు పేజీలు తిప్పారు. "క్యాప్... శిరస్త్రాణం. బ్రాకెట్లో, పోలీసు శాఖకు మాత్రమే. కుదరదు. టోపీ అందామా అంటే అన్యదేశ్యాల పట్టికలో పడేశారు. చీటీలో ఇంగ్లీషులో ఏముందండి?"

"క్రౌన్."

"క్రౌన్... ఆఁ, ఉందుంది! క్రౌన్, కిరీటం." ఆయన మొహం వెలిగిపోయింది. "దంత కిరీటం. ఎంత నిండుగా ఉందండీ!"

మాస్టారు కలం మూత తీశారు. ఆ మాట సరైంది కాదని ఆయనకి తెలుసు. కానీ పింగాణీ తొడుగు పదిరోజుల్లో వస్తుంది, డబ్బాలో నూనె వాసన ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియదు. 'దంత కిరీటధారణకు అనుమతి ఇప్పించ ప్రార్థన' అని రాసి సంతకం చేశారు. విరిగిందీ, నోట్లోనిదీ అన్న మాటలు ఆ వాక్యంలో ఇమడలేదు. దంతం అన్నాక నోరు అని వేరే చెప్పడం పునరుక్తి అనిపించి ఆయనే కొట్టేశారు.

*

మూడు వారాలకి పై కార్యాలయం నుంచి జవాబు వచ్చింది.

"విషయము: శ్రీ గుడిమెళ్ల నరహరి, తెలుగు పండితులు – దంత కిరీటధారణ – అనుమతి కోరుట – కొన్ని వివరములు పిలుచుట – గురించి. పై విషయమును పరిశీలించగా, సదరు ఉపాధ్యాయునికి జరుగనున్న సన్మానము సర్వీసు నిబంధనల పరిధిలోనికి వచ్చుచున్నది. కావున కిరీటమును ప్రదానము చేయు సంస్థ ఏది? ధారణ ఎచ్చట జరుగును? కిరీటమునకు సంబంధించిన దంతము ఎవరిది? వెంటనే తెలియజేయవలెను."

స్టాఫ్ రూము అంతా సంతోషించింది. తెలుగు పండితులకి గండపెండేరాలు తొడగడం, ఏనుగు మీద ఊరేగించడం ఉన్నవే. కిరీటం పెట్టడం కొత్తగా ఉందన్నారు లెక్కల మాస్టారు. డ్రిల్లు టీచరు లడ్డూలు తెప్పించమంది. అదేం కాదని నరహరి మాస్టారు చెబితే, "మీకెప్పుడూ నిగర్వమే" అన్నారు.

మాస్టారు మూడు ప్రశ్నలకి మూడు ముక్కల్లో జవాబు రాశారు. ప్రదానం చేసేది ప్రభుత్వాసుపత్రి. ధారణ అక్కడే. దంతం నాదే.

ఆ మూడో జవాబు కింద ఎవరో నీలిసిరాతో గీత గీసి, నకలు అటవీ శాఖకి పంపారు.

*

అటవీ శాఖ రేంజి అధికారి యోహాను గారు ఎనిమిదో తరగతి గుమ్మం దగ్గర నిలబడి, చెప్పులు బయట విప్పి, నమస్కారం పెట్టారు. ఖాకీ బట్టల్లో మంచి మనిషి. స్టాఫ్ రూములో కుర్చీ చివర కూచుని కాగితాలు తీశారు.

"తప్పుగా అనుకోకండి మాస్టారూ. పై నుంచి రాసొచ్చింది, నేను అడగాలి, మీరు చెప్పాలి. దంతం మీదేనా?"

"నాదే."

"ఎన్నాళ్లనుంచి మీ దగ్గరుంది?"

"ఆరో ఏట వచ్చింది."

"వారసత్వంగానా?"

మాస్టారు ఆలోచించారు. ఆలోచించకుండా ఆయన జవాబు చెప్పరు. "అనుకోవచ్చు. మా నాన్నగారివి కూడా ఇలాగే కొంచెం వంకరగా ఉండేవి."

"వంకరగా" అని యోహాను గారు రాసుకుని కింద గీత గీశారు. "మొత్తం ఎన్ని?"

"ముప్పై రెండు ఉండాలి."

యోహాను గారి కలం ఆగిపోయింది. వేళ్ల మీద ఏదో లెక్క కట్టి, "పదహారు ఏనుగులు!" అని తనలో తను అనుకున్నారు. పైకి మాత్రం, "ఉండాలి అన్నారు. ఇప్పుడు లేవా?" అన్నారు.

"ముప్పై ఉన్నాయి. రెండు తీయించేశాను."

"ఎవరిచేత?"

"బస్టాండు దగ్గర ఒకాయన ఉండేవాడు. దుకాణం ఎత్తేశాడు."

"పరారీలో ఉన్నాడన్నమాట." అదీ రాసుకున్నారు. "సరే, వివాదంలో ఉన్న వస్తువు చూపించండి."

మాస్టారు నోరు తెరిచారు.

యోహాను గారు టార్చిలైటు వేసి చూశారు. ఎడమ పక్కకి వంగి చూశారు, కుడి పక్కకి వంగి చూశారు. టార్చి ఆర్పేసి, కుర్చీలో వెనక్కి వాలారు.

"మాస్టారూ, ఇది పన్ను."

"మొదటి నుంచీ నేను చెప్పేది అదే."

"మీరు దంతం అన్నారు."

"రెండూ ఒకటే."

"మీకు ఒకటే. మా చట్టంలో పన్ను లేదు సార్, దంతమే ఉంది. పన్నని రాస్తే నేను ఇటు వచ్చేవాణ్నే కాదు."

"మీరు కళ్లారా చూశారు కదా. అదే రాయండి."

"నా కళ్లకి విలువ లేదండి. ఇదుగో నమూనా పత్రం. ప్రాణి పేరు: ఏనుగు, నీటిగుర్రం, అడవిపంది, ఇతర. మిమ్మల్ని 'ఇతర'లో వేస్తాను, అంతవరకు నా చేతిలో ఉంది. 'ఇతర' అంటే ప్రయోగశాల తేల్చాలి. వాళ్లకి మూడు అంగుళాల నమూనా పంపాలి."

"నా పన్ను మొత్తం అరంగుళం లేదు."

"అదీ రాస్తాను" అన్నారు యోహాను గారు సానుభూతిగా. తర్వాత అటూ ఇటూ చూసి, తన పెదవిని వేలితో పక్కకి లాగి చూపించారు. లోపల తెల్లగా మెరుస్తోంది. "నాదీ ఇలాంటిదే మాస్టారూ. నిరుడు జామకాయ కొరికితే పోయింది."

"మరి మీకు అనుమతి?"

"నాది క్యాప్ సార్. నిరుడు ఈ పదకోశం లేదు. మీది కిరీటం."

ఆ పూట జప్తు పంచనామా రాశారు. వస్తువుని కలిగి ఉన్న వ్యక్తి నుంచి వేరు చేసే వీలు లేనందున, ఆ వ్యక్తినే దానికి సంరక్షకుడిగా నియమించారు. షరతులు నాలుగు: వస్తువు రూపం మార్చరాదు, దానిపై ఏమీ అమర్చరాదు, దాన్ని అరుగుదలకు గురిచేయరాదు, ప్రతి సోమవారం రేంజి కార్యాలయంలో హాజరుపరచాలి. మాస్టారు చదివి, రెండు అక్షరదోషాలు దిద్ది, సంతకం చేశారు.

*

అలా పన్ను ప్రభుత్వ కస్టడీలోకి వెళ్లింది. మాస్టారు ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక సైకిలు మీద రేంజి కార్యాలయానికి వెళ్లి, రిజిస్టరు ముందు నోరు తెరిచేవారు. యోహాను గారు చూసి, 'వస్తువు భద్రముగా నున్నది' అని రాసేవారు. ఒక సోమవారం మాస్టారికి జ్వరం వస్తే, వస్తువు గైర్హాజరైందని మెమో వచ్చింది.

పింగాణీ తొడుగు ఎప్పుడో వచ్చేసింది. నస్రీన్ దాన్ని అగ్గిపెట్టెకన్న చిన్న డబ్బాలో పెట్టి సొరుగులో దాచింది. దసరా సెలవుల్లో ఒకరోజు ఆమే ఇంటికి వచ్చింది.

"ఇలా ఇవ్వండి మాస్టారూ నోరు. పది నిమిషాలు. ఎవరికీ చెప్పను."

"సోమవారం యోహాను గారు చూస్తారు."

"ఆయన మంచాయనే కదా, చూడనట్టు ఊరుకుంటాడు."

"రిజిస్టరులో రాయాలి. ఆయన అబద్ధం రాయాలి, నువ్వు వేయలేదని చెప్పాలి, నేను సంతకం తప్పాలి. ఒక్క పంటికి ముగ్గురం."

నస్రీన్ చిరాకుపడింది. "పదో తరగతిలోనూ ఇంతే. కాపీ కొడుతుంటే పట్టుకోరు, వచ్చి పక్కన నిలబడతారు. మాకే సిగ్గేసి మానేసేవాళ్లం." తర్వాత వంటింటి వైపు చూసి, "ఆ తాత్కాలికం ఎన్నాళ్లో ఆగదు మాస్టారూ. అరగదీసిన పన్ను అలా వదిలేస్తే ఒకరోజు అన్నం మెతుక్కి కూడా చీలుతుంది. అప్పుడింక దేనికీ తొడగలేను, పీకెయ్యడమే. అమ్మగారు ఉంటే మిమ్మల్ని ఇలా ఉండనిచ్చేవారా?" అంది.

"ఉండనిచ్చేది కాదు" అన్నారు మాస్టారు.

ఆమె వెళ్లాక ఆయన డబ్బా మూత తీసి వాసన చూసి, మళ్లీ బిగించారు. ఆ రాత్రే నాలుగు పేజీల వివరణ రాశారు. జీవితంలో ఆయన రాసిన అతి పొడవైన దరఖాస్తు అదే. దంతం అంటే పన్ను అని, ఆ పన్ను తనదని, తాను మనిషినని, క్రమంగా నిరూపించారు.

*

ఆ వివరణ అర్థనిర్ణయం కోసం పరిభాషా పరిరక్షణ సంస్థకి వెళ్లింది. అక్కడి ప్రత్యేకాధికారి చిదానందం గారు స్వయంగా కోటిపాలెం వచ్చారు. ఆయన, యోహాను గారు, పెద్దింట్లు గారు, ముగ్గురితో కమిటీ. బడి గ్రంథాలయంలో బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచారు.

చిదానందం గారు గొంతు సవరించుకున్నారు. "ఇందలి సమస్య వైద్యమునకు గాని, వన్యప్రాణులకు గాని సంబంధించినది కాదు. సమాసమునకు సంబంధించినది. 'దంత కిరీటము' అను సమాసమునకు విగ్రహవాక్యమేమి? అది తేలినచో తక్కినవన్నీ తమంతట తామే తేలును. పండితులవారు సెలవియ్యవలె."

మాస్టారికి ఆశ కలిగింది. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన తిన్న అన్నం అదే. "దంతము కొరకు కిరీటము. చతుర్థీ తత్పురుష" అన్నారు.

"భేష్. అయితే 'స్వర్ణ కిరీటము' అన్నచో స్వర్ణము కొరకు కిరీటమా?"

"కాదు. స్వర్ణముతో చేయబడిన కిరీటము."

"రజత కిరీటము?"

"రజతముతో చేయబడిన కిరీటము."

"మరి దంత కిరీటము?"

పెద్దింట్లు గారు ఆత్రంగా ముందుకి వంగారు. యోహాను గారు మాస్టారి వైపు, కాదనండి అన్నట్టు, కనుబొమలు ఎగరేశారు.

కాదని ఉంటే అయిపోయేది. కానీ పరీక్షలో ఏ పిల్లవాడైనా అలా విప్పితే మాస్టారు మార్కు కొట్టేసేవారు కారు.

"అలా కూడా విప్పవచ్చు" అన్నారు.

"తామే ఒప్పుకొన్నారు!" చిదానందం గారు బల్ల మీద చరిచారు. "దంతముతో చేయబడిన కిరీటము. తృతీయా తత్పురుష. ఏకగ్రీవము."

"ఒక్క మాట సార్" అన్నారు యోహాను గారు. "నోట్లో నేను చూశాను. అది మామూలు..."

"రేంజి అధికారిగారు చూచినది పదార్థమును. మనము నిర్ణయించునది పదమును."

వ్యాకరణంలో ఓడిపోవడం మాస్టారికి అదే మొదటిసారి. ఓడించింది కూడా తనే.

తుది ఉత్తర్వులో కమిటీ ఎవరి మనసూ నొప్పించలేదు. దంతాంశం అటవీ శాఖ పరిశీలనలో ఉన్నందున, ఆ అంశాన్ని మినహాయించి, శ్రీ నరహరి గారి కిరీటధారణకు అనుమతించడమైనది. సదరు ధారణ సంపూర్ణ తెలుగు సంవత్సరం ముగింపు ఉత్సవంలో, ప్రజల సమక్షంలో జరపవలెను.

*

నవంబరులో, బడి ఆవరణలో షామియానా వేశారు. కిరీటాన్ని డ్రాయింగు మాస్టారు థర్మోకోల్‌తో చేసి బంగారు కాగితం అంటించారు. ముందువైపు 'తెలుగు వెలుగాలి' అని అక్షరాలు కత్తిరించి పెట్టారు. వాటిలో 'లి' ఊడిపోయి వెనకెక్కడో అతుక్కుంది. మైకులో పెద్దింట్లు గారు, "ఇంతటి కిరీటానికి మా కార్యాలయం అనుమతి ఇవ్వడం మా అదృష్టం అండి" అని కళ్లు తుడుచుకున్నారు. నస్రీన్ మూడో వరసలో కూచుని, చేతిసంచీ ఒళ్లో గట్టిగా పట్టుకుంది. చిన్న డబ్బా అందులో ఉందని మాస్టారికి తెలుసు.

చిదానందం గారు కిరీటం పెట్టారు. అది చెవుల దాకా దిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పండితులవారిని రెండు మాటలు మాట్లాడమన్నారు.

మాస్టారు మైకు దగ్గర నిలబడ్డారు. తాత్కాలికపు తొడుగు ఆ పొద్దున్నే ఊడిపోయింది. నాలుక పదేపదే అటే పోతోంది.

"ఇంతమంది వచ్చినందుకు సంతోషం" అన్నారు. "నాకు పన్ను నొప్పిగా ఉంది."

జనం గొల్లున నవ్వి మళ్లీ చప్పట్లు కొట్టారు. చిదానందం గారు నవ్వుతూ మైకు అందుకుని, "వేదిక మీద మనము శిష్టభాష వాడుదము. 'దంతశూల' అనవలె, పండితులవారూ" అన్నారు.

మాస్టారు ఒక్కసారి తల తిప్పి, అలవాటు చొప్పున ఆడవాళ్లు కూచున్న వైపు చూశారు. కిరీటం కళ్ల మీదకి జారింది. సర్దుకుని, ఎవరి కోసం చూశారో గుర్తొచ్చి, దిగి వచ్చేశారు.

మర్నాడు పెద్దింట్లు గారు దస్త్రం మూసేశారు. సర్వీసు రిజిస్టరులో 'కిరీటధారణ జరిగినది' అని రాశారు. మరి పంటి సంగతేమిటని మాస్టారు అడిగితే, ఆయన నిజంగానే నొచ్చుకున్నారు.

"ఉద్యోగికి సర్వీసు మొత్తంలో ఒకే కిరీటం అండి. అది పెట్టేశాం. రెండోది అడిగితే బావుండదు. దంతం తాలూకు కాగితాలు అటవీ శాఖలో ఉన్నాయి, అక్కడ కనుక్కోండి."

యోహాను గారు ప్రయోగశాలకి మళ్లీ రాశానని, ఈసారి 'అరంగుళం' అన్న మాటని పెద్ద అక్షరాలతో రాశానని చెప్పారు. విచారణ వచ్చే సోమవారానికి వేశారు.

ఆ సాయంత్రం అయిదున్నరకి మాస్టారు థర్మోకోల్ కిరీటాన్ని వంటింటి అలమారలో పైఅరన పెట్టి, దాని పక్కనున్న రేకు డబ్బా దించారు. మూత తీసి వాసన చూశారు. నూనె కొంచెం మారింది. మరీ అంత కాదు. ఒకటి చేతిలోకి తీసుకుని, కాసేపు పట్టుకుని, మళ్లీ అందులోనే వేసి మూత బిగించారు.

డబ్బాలో పందొమ్మిదిన్నర ఉన్నాయి. పంటికి తొడుగు ఇంకా వేయలేదు.